సానియా మీర్జాయు జంట ఆటయు

ఈ యేటి సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, ఎప్పటివలె శతకపద్యములను గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. ఈ మారు నేను టెన్నిసు ఆటను గూర్చియు, ఆ యాటలో ఇరువది సంవత్సరములు గడిపి 2023వ సంవత్సరమున విరమించిన మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జాను గూర్చియు వ్రాయుచున్నాను. తెలుగు చెప్పు పంతులమ్మకు టెన్నిసుతో నేమి పని యని తల్లిదండ్రులలో కొందరు నవ్వుకొందురేమో. నవ్వుకొన్నను సరే, చివర వరకు చదువవలెనని మాత్రము వేడుచున్నాను. ఈ వ్యాసము సగము వారి కొరకే వ్రాయబడినది.

ఇందుకు కారణము మా ఆటస్థలము. మా పాఠశాలలో టెన్నిసు ఆడు నేల లేదు, టెనికోయిటు కలదు. రెండు కర్రలు పాతి, నడుమ వల కట్టి, రబ్బరు చక్రమును అటు నిటు విసరుకొను ఈ యాట మన ప్రాంతపు బాలికలకు మిక్కిలి పరిచితము. ఆరవ, ఏడవ తరగతుల పిల్లలు మధ్యాహ్నము గంట కొట్టగానే అన్నపు డబ్బా మూత సరిగా బిగింపకయే ఆ చక్రము కొరకు పరుగెత్తుదురు. ఆ పిల్లలే తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి వేపచెట్టు క్రింద కూర్చుండి చూచువా రగుదురు. ఏలనమ్మా ఆడరని యడిగినచో ఒకతె ఎండ యనును, ఒకతె తలనొప్పి యనును, మూడవది నేల చూచును. వ్యాయామోపాధ్యాయుడు కసరినను, నేను బుజ్జగించినను వారు కదలరు. ఎవరింటిలోనో ఒక పెద్దమ్మయో, మేనత్తయో "ఇంక నీకు గంతు లెందుకే" యని యుందురని నాకు తెలియును. మా కాలమునను ఆ మాటయే వినబడెను. కాబట్టి గత సంవత్సరము నేను తొమ్మిదవ తరగతి వ్యాసరచన గంటలో సానియా చరిత్రను చెప్పితిని. నాడు చెప్పినదానికి కొంత చేర్చి యిచట వ్రాయుచున్నాను.

సానియా 1986వ సంవత్సరము నవంబరు 15వ తేదీని బొంబాయిలో జన్మించెను. తలిదండ్రులు హైదరాబాదు వారు. శిశువు పుట్టిన కొలది కాలమునకే కుటుంబము హైదరాబాదు చేరెను. ఆరవ యేట ఆమె చేతికి రాకెట్టు వచ్చెను. ఇంత చిన్నపిల్లకు నేర్పజాలనని మొదట శిక్షకుడు నిరాకరించెననియు, తల్లి పట్టువిడువలేదనియు, నెల గడచునప్పటికి ఆ శిక్షకుడే కబురంపి యిట్టి పిల్లను నేను చూడలేదని చెప్పెననియు సానియా అనేక పర్యాయములు చెప్పుకొన్నది. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమెకు గురువులలో నొకడు. ఈ కథలో మా పిల్లల చెవులు నిక్కబొడుచుకొన్నది మాత్రము ఇచట గాదు. ఆమె తొలినాళ్లలో ఆడిన నేల పేడతో అలికిన నేల యని చెప్పినప్పుడు. విలాయతు దేశమున పచ్చిక నేల, ఫ్రాన్సున ఎర్రమట్టి నేల, అమెరికాలో గట్టి నేల. మన హైదరాబాదులో పేడ నేల! అలుకుట యెట్లో మా పిల్లలకు వేరుగా చెప్పనక్కర లేదు. ఎంత పేడకు ఎన్ని నీళ్లు కలుపవలెనో, ఎప్పుడు పెచ్చు లేచునో వారికి తెలియును. అట్టి నేలమీద బంతి ఎంత యెత్తు లేచును, పెచ్చు లేచిన చోట ఎటు తిరుగును అని వారు తమలో తాము వాదించుకొనిరి. ఆ వాదమును నేను ఆపలేదు.

టెన్నిసు తెలుగువారికి క్రొత్త యాట గాదని చెప్పుటకు ఒక్క మాట. మద్రాసులోని తెలుగు కుటుంబమునకు చెందిన కోటా రామస్వామి 1922వ సంవత్సరమున భారతదేశము పక్షమున డేవిసు కప్పులో ఆడి, పదునాలుగేండ్లకు, నలువది యేండ్ల వయస్సున, క్రికెట్టులో టెస్టు ఆటయు ఆడెను. కాని స్త్రీల ఆట వేరు. 1998లో ఆస్ట్రేలియా పోటీలో నిరుపమా వైద్యనాథన్ ఒక్క మ్యాచి గెలిచినప్పుడే అది గొప్ప వార్త యయ్యెను. సానియా అడుగిడిన ఆవరణ అట్టిది.

పదునారేండ్ల ప్రాయమున, 2003లో, ఆమె రష్యా బాలిక అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డనులో బాలికల డబుల్సు గెలిచెను. ఆ యేడే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు పొందెను. 2005వ సంవత్సరము జనవరిలో ఆస్ట్రేలియా పోటీ మూడవ వరుస వరకు చేరి, అచట సెరెనా విలియమ్సు చేతిలో ఓడెను. ఆ ఫిబ్రవరిలో స్వస్థలమైన హైదరాబాదులో, ఉక్రెయిను క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి, మహిళల టెన్నిసు పోటీలలో సింగిల్సు బిరుదు గెలిచిన తొలి భారతీయురా లయ్యెను. పిమ్మట దుబాయిలో, అమెరికా విజేతగా నుండిన కుజ్నెత్సోవాను ఓడించెను. సెప్టెంబరులో అమెరికా పోటీ నాలుగవ వరుస వరకు పోయి షరపోవాతో తలపడెను. ఆ యాటలో ఓడిన మాట నిజమే; అయినను ఆ నాలుగవ వరుసకు అంతకు పూర్వము మరి యే భారతీయ వనితయు చేరలేదు. 2007 ఆగస్టునాటికి సింగిల్సులో ప్రపంచమున 27వ స్థానము ఆమెది.

ఇరువది యేడవ స్థానమనగా విద్యార్థులు పెదవి విరిచిరి. తరగతిలో ఇరువది యేడవ స్థానము వచ్చినచో ఇంటివద్ద నేమి జరుగునో వారికి తెలియును గదా! ప్రపంచమంతటిలో ఇరువది యేడవ యనగా నేమో లెక్కించి చూడుడంటిని. మన జిల్లాలోని ఉన్నత పాఠశాలలలో, అందులోను పదవ తరగతులలో, అందులోను బాలికలలో ఇరువది యేడవది యగుట యెంత కష్టమో మొదట ఆలోచించి, ఆ మీదట భూగోళపటము తెరువుడంటిని. పటము తెరచిన తరువాత పెదవులు సరియైనవి.

ఆమె బలమంతయు కుడిచేతి ఫోర్‌హ్యాండు దెబ్బలో నుండెను. మణికట్టును కొరడావలె విసరి కొట్టు ఆ దెబ్బను ఎదుటివారు భయపడిరి. ఏ యవయవము ఆమెకు కీర్తి తెచ్చెనో ఆ యవయవమే తరువాత పగ తీర్చుకొనెను. 2008లో మణికట్టు చెడెను. ఆ సంవత్సరము పెకింగు ఒలింపిక్ క్రీడలలో మొదటి మ్యాచి నడుమనే నొప్పి కోర్వలేక విరమించుకొనవలసి వచ్చెను. ఒకానొక దశలో తల దువ్వుకొనుటయు కష్టమైనదని ఆమెయే చెప్పినది. మోకాళ్లు రెండింటికిని, మణికట్టునకును శస్త్రచికిత్సలు జరిగినవి. తిరిగి లేచి యాడెను. 2010లో కామన్వెల్తు క్రీడలలో సింగిల్సు రజతము, ఆసియా క్రీడలలో కాంస్యము వచ్చినవి. కాని ఆ 27వ స్థానము మరల రాలేదు. 2013 నాటికి ఆమె సింగిల్సును పూర్తిగా విడిచెను.

ఇచటికి వచ్చి నేను నిలిచితిని, గంట కొట్టుటకు అయిదు నిమిషములే యున్నందున. అప్పుడు వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, "సింగిల్స్ పోయినంక ఏం జేసింది టీచర్? ఇంటికాడ కూసున్నదా?" అని యడిగెను.

ఆ బాలిక వేములఘాట్ కుటుంబమునకు చెందినది. తొగుట మండలమునందలి ఆ గ్రామము పేరు మన జిల్లాలో వినని వా రుండరు. మల్లన్నసాగరు జలాశయము క్రింద మునుగు గ్రామములలో అది యొకటి. గ్రామస్థులు సంవత్సరముల తరబడి వంతులవారీగా నిరాహారదీక్ష చేసిరి. తుదకు 2021లో ఇండ్లు విడిచి గజ్వేలు చెంత కట్టబడిన కాలనీకి చేరిరి. ఆ యేట ఈ బాలికకు పది పదునొకండేండ్లు. జలాశయము మంచిదా చెడ్డదా యను చర్చ నా వ్యాసమునకు వెలుపలిది. ఆ నీటితో పండిన పొలములను నే నెరుగుదును, ఆ నీటి క్రింది ఇండ్లను గూర్చియు నే నెరుగుదును. నేను చెప్పదలచినది ఇంతే: "పోయినంక" అను మాటను ఆ పిల్ల పలికిన తీరు వేరు. ఊరిబడి ముందరి నేల, తాను కబడ్డి ఆడిన నేల, నేడు ఎన్ని బారల నీటి క్రింద నున్నదో యని ఆమె ఒకనాడు లెక్కల ఉపాధ్యాయుని అడిగినదట. తక్కిన పిల్లలు సానియా ఎన్ని కప్పులు గెలిచెనని యడిగిరి. పోయిన తరువాత నేమి చేసెనని యడిగినది ఈమె యొక్కతెయే. మరునాటి గంట యంతయు ఆ ప్రశ్నకే సరిపోయెను.

సానియా ఇంటివద్ద కూర్చుండలేదు. జంట ఆట, అనగా డబుల్సు, చేపట్టెను. క్రొత్తగా నేర్చుకొనెనని కాదు. 2004లోనే హైదరాబాదు పోటీలో దక్షిణాఫ్రికాలో పుట్టిన లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్సు బిరుదు గెలిచియుండెను. 2009లో ఆస్ట్రేలియాలోను, 2012లో ఫ్రాన్సులోను మహేశ్ భూపతితో కలిసి మిశ్రమ డబుల్సు గెలిచెను. అయినను అంతవరకు అది ప్రక్క పైరు; ఇప్పుడు అదియే ప్రధానమైన పంట.

చూచువారికి సింగిల్సును డబుల్సును ఒకే యాటగా తోచును. కాదు. నేల యొక్క పొడవు రెంటికిని 78 అడుగులే. వెడల్పు సింగిల్సునకు 27 అడుగులు, డబుల్సునకు 36 అడుగులు. ఇరువైపుల నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగును. మనిషికి వచ్చు నేల తగ్గినది గదా, సుఖమే గదా యనిపించును. ఆ తగ్గిన నేలలోనే చిక్కంతయు నున్నది. ఇద్దరి నడుమ వచ్చు బంతి యెవరిది? ఆలోచించుటకు కనురెప్పపాటు సమయము. ఇద్దరును పోయినచో రాకెట్లు తగులుకొనును, ఇద్దరును ఆగినచో బంతి పోవును. ఒకరు ముందుకు పోయినచో రెండవవారు వెనుక నిలువవలెను, ఒకరు ప్రక్కకు లాగబడినచో రెండవవారు నడుమను కప్పవలెను. తన పొరపాటు లేకయే పోగొట్టుకొన్న అంకమునకు మొగము మాడ్చకుండుట వీటన్నిటికంటె కష్టము. మా టెనికోయిటు జంటలలో నేను నిత్యము చూచునది ఈ మొగము మాడ్చుటయే. చక్రము నేల తాకిన మరుక్షణమున ఇద్దరును ఎదుటి పక్షమువైపు గాక ఒకరి నొకరు చూచుకొందురు. ఆ చూపుతోనే సగము ఆట పోవును. మన ప్రభువు శిష్యులను గ్రామములకు పంపునప్పుడు ఒంటరిగా గాక ఇద్దరిద్దరినిగా పంపెనని ఆదివారపు బడిలో చెప్పుకొందుము. దారిలో వారును ఎన్ని పర్యాయములు ఇట్లు చూచుకొనిరో సువార్తికులు వ్రాయలేదు.

డబుల్సు తక్కువ ఆట, సింగిల్సు చేతగానివారి యాట యని వాదించువారు కలరు. ఈ వాదములో కొంత నిజము లేకపోలేదు, దానిని దాచుట నాకు తగదు. ధనమును, జనుల చూపును సింగిల్సునకే మెండు. సానియా సింగిల్సులో పెద్ద పోటీల నాలుగవ వరుస దాటలేదు. ఆమెకు మణికట్టు చెడకున్నచో డబుల్సునకు ఇంతగా అంకితమై యుండెడిది కాదేమో. కాని ఒక పని రెండవ కోరికగా వచ్చినంత మాత్రమున అది రెండవ తరగతి పని యగునా? నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిననాడు నా తరగతిలో సగము మంది మరొకటి కాదలచి అచటికి వచ్చినవారే. వారిలో కొందరు నేటికి నే నెరిగిన ఉత్తమోపాధ్యాయులు.

ఇక ఆమె జంటలు. జింబాబ్వే దేశపు కారా బ్లాక్‌తో కలిసి 2014లో సంవత్సరాంతపు మహాపోటీని గెలిచెను. ఆ యేడే బ్రెజిలు దేశపు బ్రూనో సోరెస్‌తో అమెరికా మిశ్రమ డబుల్సు గెలిచెను. అదే సెప్టెంబరులో కొరియాలోని ఇంచియోనులో ఆసియా క్రీడలు వచ్చెను. వృత్తి పోటీలను విడిచి అచటికి పోయినచో ర్యాంకునకు లెక్కించు అంకములు నష్టమగును. మొదట పోనని నిశ్చయించుకొని, పిదప మనసు మార్చుకొని పోయెను. మన తెలుగువాడు, కృష్ణాజిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేనితో కలిసి మిశ్రమ డబుల్సులో స్వర్ణమును, ప్రార్థనా తోంబరేతో కాంస్యమును తెచ్చెను. కొరియా దేశము ఆమె జీవితమున మరల మరల వచ్చుట చిత్రము. 2002లో అదే దేశపు బూసానులో, పదునారవ యేడు నిండకయే, లియాండర్ పేస్‌తో కలిసి ఆసియా క్రీడల కాంస్యము పొందియుండెను. మూడవ సంగతి సియోలులో జరిగినది. దానికి ఇప్పుడే వచ్చుచున్నాను, ఏలయన అది ఆమె ఉత్తమమైన జంటతో ముడిపడియున్నది.

ఆ జంట స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టినా హింగిస్. పదునారేండ్లకే సింగిల్సులో ప్రపంచమునకు మొదటిదై, అయిదు పెద్ద బిరుదులు గెలిచిన మనిషి. 2006 సెప్టెంబరులో కలకత్తా పోటీలో హింగిస్ సానియాను 6-1, 6-0 తేడాతో చిత్తుగా ఓడించెను. స్వదేశమున, స్వజనము నెదుట, రెండవ సెట్టులో ఒక్క గేమయిన రాలేదు. వారము దినములకు సియోలులో వారిద్దరే మరల తలపడిరి. మొదటి సెట్టు హింగిస్‌దే. తరువాత సానియా 6-0, 6-4 గా గెలిచి ఆ సున్నను తిరిగి యిచ్చెను. ఆ ఇద్దరు తొమ్మిదేండ్లకు, 2015 మార్చిలో, వలకు ఒకే వైపున నిలిచిరి. అప్పటికి ఇద్దరును సింగిల్సు వదలినవారే. వెనుకనుండి సానియా ఫోర్‌హ్యాండు, వల యొద్ద హింగిస్ చేతి నేర్పు. ఒకరికి లేనిది మరొకరి కుండెను. జతకూడిన మొదటి మూడు పోటీలును వారివే యయ్యెను. ఏప్రిల్ 13వ తేదీని సానియా డబుల్సులో ప్రపంచమునకు మొదటిది. భారతదేశపు స్త్రీలలో ఆ స్థానమెక్కిన ప్రథమురాలు. ఆ స్థానమున ఆమె మొత్తము 91 వారములుండెను. వెనుకటి ఇరువది యేడునకు పెదవి విరిచిన మా పిల్లలకు ఇచట ప్రాణము లేచి వచ్చినది.

2015 జూలై 11వ తేదీ వింబుల్డను తుదియాటను నేను ఇంటిలో దూరదర్శినిలో చూచితిని. రష్యనులు మకరోవా, వెస్నినా ఎదుటి పక్షము. ఈ వెస్నినా 2011లో సానియాకే జంటగా ఫ్రాన్సు తుదియాట ఆడినది. జంట ఆటలో నిన్నటి తోడు నేటి ప్రత్యర్థి యగుట సామాన్యము, అందుకు ఎవరును కోపగించుకొనరు. మొదటి సెట్టు 7-5 గా రష్యనులకు పోయెను. రెండవది 7-6 గా మనవారికి వచ్చెను. మూడవ దానిలో 5-2 గా రష్యనులు ముందుండిరి. ఇంకొక్క గేము గెలిచిన చాలును, కప్పు వారిదే. మా ఇంటిలో పెద్దలు లేచి భోజనమునకు పోయిరి. ఇచటినుండి సానియా, హింగిస్ ఒక్కొక్క గేముగా 5-5 వరకు తెచ్చిరి. అప్పుడు వెలుతురు చాలక ఆట ఆపి, పైకప్పు మూసి, దీపములు వెలిగించిరి. ఆ విరామములో పోయినవారు కంచములతో సహా తిరిగి వచ్చిరి. మరల మొదలైన పిమ్మట రెండు గేములు; 7-5. వింబుల్డను మహిళల డబుల్సును గెలిచిన మొదటి భారతీయురాలు సానియా. గెలిచిన క్షణమున వారిద్దరును మొదట చూచినది జనమువైపు గాదు, ఒకరివైపు ఒకరు. ఆ చూపును నేను మా టెనికోయిటు పిల్లలకు అభినయించి చూపితిని. నా యభినయమునకు వారు నవ్విరనుకొనుడు.

ఆ సెప్టెంబరులో అమెరికా, 2016 జనవరిలో ఆస్ట్రేలియా కూడ వారివే. వరుసగా 41 మ్యాచులు ఓటమి లేక గెలిచి, ఫిబ్రవరిలో దోహాలో ఆగిరి. కలిసి 14 బిరుదులు. ఆ యేడు ఆగస్టులో విడిపోయిరి. విడిపోయిన వెంటనే సిన్సినాటి తుదియాటలో సానియా చెకు దేశపు బార్బరా స్ట్రిత్సోవాతో, హింగిస్ అమెరికా దేశపు కోకో వాండవెగీతో ఎదురెదురుగా నిలిచిరి. సానియా గెలిచి, అంతవరకు ఇద్దరును పంచుకొన్న ప్రథమస్థానమును ఒంటరిగా పొందెను. ఇంత జరిగినను ఆ సంవత్సరాంతమున సింగపూరు మహాపోటీలో ఆ ఇద్దరు మరల కలిసి యాడిరి. కలిసి చేయవలసిన పని మిగిలియుండెను, చేసిరి. మన స్టాఫ్ గదిలో చిన్న మాటకు మూడు నెలలు పలుకరించుకొనని వారి సంగతి నేనిచట వ్రాయను.

ఇక తల్లిదండ్రులకు చెప్పవలసిన భాగము. ఈమె ఆడినన్నాళ్లును ఈమె ఆటకంటె దుస్తులను గూర్చియు, పెండ్లిని గూర్చియు మాటలాడినవారే యెక్కువ. 2014లో క్రొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు ప్రచార రాయబారిగా ఆమెను నియమించినప్పుడు ఆమె స్థానికురాలు కాదనినవారును కలరు. పేడ నేలమీద పెరిగిన పిల్ల స్థానికురాలు కానిచో ఇంకెవరు స్థానికులో నాకు తెలియదు. 2016లో, ప్రపంచమున ప్రథమస్థానములో నుండగా, ఒక పేరుగల పాత్రికేయుడు ఇంక స్థిరపడుట, బిడ్డలను కనుట ఎప్పుడని యడిగెను. ప్రపంచమునకు మొదటిదగుట స్థిరపడుట కాదా యను అర్థము వచ్చునట్లు ఆమె బదులు చెప్పెను. ఈ ప్రశ్న పురుషుని అడుగుదునా యని ఆయన కూడ అచటనే క్షమాపణ కోరెను. ఆయన చక్కగా కోరెనని నా యభిప్రాయము. వేపచెట్టు క్రింద కూర్చున్న బాలికల చెవిలో ఈ ప్రశ్నయే వేరు మాటలలో ప్రతిదినము పడుచున్నది. ఈమెయో 2018 అక్టోబరులో కుమారుని కని, 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబార్టు పోటీలో ఉక్రెయిను క్రీడాకారిణి నాదియా కిచెనొక్‌తో కలిసి బిరుదు గెలిచినది. తరువాత 2021లో చీనా దేశపు ఝాంగ్ షువాయితో కలిసి గెలిచినది ఆమె 43వ డబుల్సు బిరుదు. ప్రభుత్వము ఆమెకు 2004లో అర్జున, 2006లో పద్మశ్రీ, 2015లో ఖేల్ రత్న, 2016లో పద్మభూషణ బిరుదము లిచ్చెను. హైదరాబాదులోని సెయింట్ మేరీస్ కళాశాల విద్యార్థిని యని తెలిసి మా పాఠశాలలోని సిస్టర్లు కొంచెము గర్వపడిరి. పడనిండు.

అన్నియు గెలుపులే యని తలపకుడు. 2016 రియో ఒలింపిక్ క్రీడలలో రోహన్ బోపన్నతో మిశ్రమ డబుల్సు ఆడి, పతకమునకు ఒక్క మెట్టు క్రింద, నాలుగవ స్థానమున ఆగెను. నాలుగు ఒలింపిక్కులు ఆడియు ఆ పతకము ఆమెకు రాలేదు. సానియా వలన దేశమున నేల కేర్పడిన మార్పును కూడ నేను పెద్దది చేసి చెప్పను. ఆమె తరువాత ఇంతవరకు మరి యే భారతీయ బాలికయు సింగిల్సులో ఆ 27వ స్థానమును చేరలేదు. రాకెట్టు, బంతులు, శిక్షకుని జీతము, దేశదేశముల ప్రయాణము. ఈ యాటకు తగులు ధనము మన వంటి కుటుంబములకు కొండంత. అందుచేత మా బాలికలు సానియాలు కావలెనని నేనెన్నడును చెప్పలేదు. టెనికోయిటు చక్రము ఖరీదు వారి తండ్రులకు భారము కాదు.

ఈ సంగతులన్నియు విన్న పిమ్మట తొమ్మిదవ తరగతిలో ఎందరు చెట్టునీడ విడిచిరని ప్రధానోపాధ్యాయులవారు నన్నడిగిరి. నలుగురు. అందులో ఇద్దరు రెండు వారములకు తిరిగి నీడకు పోయిరి. మిగిలిన ఇద్దరిలో వేములఘాట్ బాలిక యొకతె. ఆమెకు జత దొరకుట కొంత కష్టమైనది, గట్టిగా విసరునని తక్కినవారికి భయము. ఏడవ తరగతి పిల్ల నొకతెను జత చేసికొన్నది. ఆ చిన్నదానికి చక్రము జారినప్పుడెల్ల ఈమె "పోనీ తియ్" అని ముందుకు జరుగుచున్నది.

సానియా ఆడిన చివరి పెద్ద తుదియాట 2023 జనవరి 27వ తేదీని ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో జరిగెను. పదునెనిమిదేండ్ల పిల్లగా 2005లో ఆమె సెరెనాతో తలపడినది ఆ ఊరిలోనే. జత బోపన్న. ఆమెకు పదునాలుగేండ్లున్నప్పుడు మొట్టమొదటి మిశ్రమ డబుల్సు జత కూడ కొడగు ప్రాంతపు ఈ బోపన్నయే. నాలుగేండ్ల కుమారుడు చూచుచుండగా వారు బ్రెజిలు జంట స్టెఫాని, మాటోసుల చేతిలో ఓడిరి. మాటలాడునప్పుడు ఆమె కంట నీరు నిలువలేదు. ఫిబ్రవరిలో దుబాయిలో అమెరికా దేశపు మాడిసన్ కీస్‌తో కలిసి ఆడి, మొదటి మ్యాచిలోనే ఓడి, వృత్తి యాట ముగించెను. మార్చి 5వ తేదీని హైదరాబాదు లాల్ బహదూర్ క్రీడాప్రాంగణమున వీడ్కోలు ఆట జరిగెను. ఆమెతో వేర్వేరు కాలములందు జంటగా నిలిచినవారు కొందరు దూరము నుండి వచ్చి ఆడిరి. వారిలో బోపన్నయు నుండెను. మరుసటి యేడు జనవరిలో, నలువది మూడేండ్ల వయస్సున, ఆయన ఆస్ట్రేలియా దేశపు మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి అదే మెల్బోర్నులో పురుషుల డబుల్సు గెలిచి, ప్రపంచమున ప్రథమస్థానము పొందెను.